రెండువందల పద్నాలుగు కింద ఎర్రగీత

కత్తెర చప్పుడుకే మాణిక్యాంబకు మెలకువ వచ్చింది. ముప్ఫై ఏళ్ళుగా అంతే. ఆ ఇంట్లో అలారం గడియారం కొనాల్సిన అవసరం రాలేదు.

ముందుగదిలో గచ్చు మీద మఠం వేసుక్కూర్చుని బసవపున్నయ్య పేపరు కోస్తున్నాడు. యాభై ఎనిమిది నిండటానికి రెండు నెలలు తక్కువ. బక్కపలచని మనిషి. చెవుల మీద నెరిసిన వెంట్రుకలు, కుడిచేతి చూపుడువేలికి ఏ సబ్బుకూ లొంగని ఊదారంగు మరక. పేపర్లో మొదటి పేజీతో ఆయనకు పనిలేదు. ప్రభుత్వం పడిపోయినా సాయంత్రం రైల్లో ఎవరో చెబితే తెలియాల్సిందే. టెండర్లు, వేలంపాటలు, తప్పిపోయినవాళ్ళ ఫొటోలు, వాటి మధ్య అగ్గిపెట్టెంత జాగాలో వచ్చే ప్రకటనలు ఆయనకు కావాలి. 'వర్ధమాన కళాకారుల నుంచి దరఖాస్తులు కోరడమైనది.' 'చిన్న స్వచ్ఛంద సంస్థలకు సహాయ నిధి.' అవి ఏ మూల నక్కినా ఆయన కంట పడకుండా పోలేవు.

కోసినదాన్ని పోస్టుకార్డు మీద మైదా జిగురుతో అంటిస్తాడు. ఆఖరు తేదీ కింద ఎర్రసిరాతో రెండు గీతలు గీస్తాడు. మిగిలిన జాగాలో ఎప్పుడూ రాసే రెండు ముక్కలే రాస్తాడు: 'ఇది నీకు పనికొస్తుంది. ఫారం రాగానే చూపించు.' ఆ కార్డు బొబ్బిలిలో బుర్రకథ దళానికో, ఆదిలాబాదులో చెవిటి పిల్లల బడి నడిపే ఒంటరి పంతులమ్మకో, ఎక్కడో బొమ్మలేసుకునే కుర్రాడికో పోతుంది. పుణ్యానికి చేస్తున్నాడనుకునేరు. పుణ్యమూ కాదు, కళాభిమానమూ కాదు. బొమ్మల గురించి ఆయనకు వీసమెత్తు తెలియదు. బొమ్మ ఫొటో స్లైడు చేతికిస్తే తలకిందులుగా పట్టుకుని "బాగుందమ్మా" అంటాడు. ఫారం గురించి మాత్రం ఆయనకు తెలియనిది లేదు. ఖాళీ గడి కనబడితే నింపించకుండా ఉండలేడు. కొందరికి చుట్ట, కొందరికి పేకాట, ఈయనకు ఇది.

ఆవేళ తొంభై నాలుగు, జూలై ఒకటి, శుక్రవారం. ఘాజియాబాద్‌లో రాత్రంతా కరెంటు లేదు. ఆయన కోసిన ముక్కలో బరోడా ట్రస్టు వాళ్ళ ప్రకటన ఉంది. చెక్క మీద, రాగిరేకు మీద చెక్కి అచ్చు తీసే చిత్రకారులకు ఏడాది పాటు గది, అచ్చుయంత్రం, నెలనెలా భత్యం. ఆఖరు తేదీ జూలై ముప్ఫై. వయసు ముప్ఫై ఐదు దాటరాదు. ఆ ముప్ఫై ఐదు దగ్గర కత్తెర ఆగింది. రెండోసారి చదువుకున్నాడు. కార్డు మీద చిరునామా రాసేశాడు: సునంద, ఇంటి నంబరు, బేర్ సరాయ్, ఢిల్లీ.

మాణిక్యాంబ కాఫీ గ్లాసు పక్కన పెడుతూ తొంగిచూసింది. "మళ్ళీ ఆ పిల్లకేనా? నిన్నటిదాని సంగతేంటి?"

"రాలేదు."

"ఏంటి రాంది?"

"కవరు. ఐదింటిదాకా చూశా."

ఆమె ఆ పక్కనే పీట మీద కూర్చుండిపోయింది. "సోమవారం ఆ పిల్ల తెచ్చి మీ చేతుల్లోనే పెట్టింది గదండీ. మీరేగా వెనక్కిచ్చి పోస్టాఫీసుకు పంపిచ్చారు."

"రూల్లో రిజిస్టర్డ్ పోస్టనే ఉంది."

"ఉంటది. చాదస్తపు మొగుడు చెబితే వినడు, గిల్లితే ఏడుస్తాడని మా అమ్మ ఊరికే అన్లేదు."

ఆయన జిగురు ఆరిందో లేదో వేలితో నొక్కి చూసుకున్నాడు.

సంగతి ఇది. ఢిల్లీలో అశోకా రోడ్డు వెనక సందులో ఒక కళల సంస్థ ఉంది. ఏటా దేశం మొత్తం మీద పాతికమంది యువ చిత్రకారులకు రెండేళ్ళ స్కాలర్‌షిప్పు ఇస్తుంది. అందులో వచ్చిన ఉత్తరం మీద తేదీ ముద్ర వేసి, రిజిస్టర్లో నంబరు రాసి పైకి పంపే గుమాస్తా బసవపున్నయ్య. తేదీ ఎవడేస్తే వాడిదే రాజ్యం అని ఇంకొకడైతే ఈపాటికి మేడ కట్టేవాడు. ఈయన ఇరవై తొమ్మిదేళ్ళుగా ఒక్క ముద్ర తప్పుగా వెయ్యలేదు. అదే ఆయన గొప్ప. ఇంతకు మించి ఇంకేమీ లేదు.

సునంద తండ్రి ఢిల్లీ కంటోన్మెంట్‌లో సుబేదారు. విజయనగరం వాళ్ళు. ఆ పిల్ల సైన్యం క్వార్టర్లలో పెరిగింది. బదిలీ అయినప్పుడల్లా సామాను పెట్టుకునే నల్ల ట్రంకుపెట్టెలు, వాటి మీద తెల్లరంగుతో రాసిన పేరు, నంబరు, చేరాల్సిన ఊరు, కొట్టేసి మళ్ళీ రాసిన ఊరు, ఇవే చెక్క మీద చెక్కి కాగితం మీద అచ్చు తీస్తుంది. బసవపున్నయ్యకు అందులో పెట్టె తప్ప ఇంకేమీ కనబడలేదు. వయసు కనబడింది. సెప్టెంబరుకు ముప్ఫై నిండుతాయి. సంస్థ రూలు ప్రకారం జూలై ఒకటి నాటికి ముప్ఫై నిండకూడదు. అంటే ఇదే ఆఖరు ఏడు. తండ్రి రిటైరై ఊరెళ్ళిపోతున్నాడు. స్కాలర్‌షిప్పు వస్తే నువ్వు అద్దెకు తీసుకున్న బేర్ సరాయ్ గదిలో ఉండు, రాకపోతే మాతోపాటు వచ్చి అక్కడ స్కూల్లో డ్రాయింగు టీచరుగా చేరు, మాట్లాడి ఉంచానని చెప్పేశాడు. చెడ్డవాడేం కాదు. పదేళ్ళు ఆగాడు.

ఆ ఫారం బసవపున్నయ్య నాలుగు ఆదివారాలు దగ్గరుండి నింపించాడు. సోమవారం ఆ పిల్ల ఎండలో బస్సు మారి వచ్చి, కౌంటరు కిటికీలోంచి కవరు చేతికిచ్చింది. అందరూ అలాగే ఇస్తారు, ఈయన అందరి దగ్గరా పుచ్చుకుంటాడు. ఈమె దగ్గర మాత్రం పుచ్చుకోలేదు. ఎనభై ఒకటిలో గుడ్డివాళ్ళ భజన మండలి ఒకటి ఈయన మాట మీద దరఖాస్తు పెట్టింది. గ్రాంటు మంజూరయ్యాక ఆడిట్‌వాడు రిజిస్టర్డ్ పోస్టులో రాలేదని కొర్రీ వేసి రద్దు చేయించాడు. అప్పట్నుంచి తనవాళ్ళనుకున్న ఎవరి కాగితమూ చేత్తో తీసుకోడు. కౌంటరు దిగి, ఆమెను వెంటబెట్టుకుని, ఎదురుగా కనబడే పోస్టాఫీసుకు నడిచి, తానే గోందు జిగురు రాసి, రసీదు తీసి చేతిలో పెట్టి, "ఇప్పుడు బ్రహ్మదేవుడు కూడా వంక పెట్టలేడు" అన్నాడు. నూటపాతిక గజాలు. సోమవారం అక్కణ్ణుంచి బయల్దేరిన కవరు గడువు ముగిసిన గురువారం సాయంత్రం ఐదింటికి కూడా ఇక్కడికి చేరలేదు.

"హరితక్కూడా ఇట్టాగే చేశారు," అంది మాణిక్యాంబ, గ్లాసు తీసుకుని లేస్తూ.

హరిత వాళ్ళ ఒక్కగానొక్క కూతురు. కాన్పూరులో బ్యాంకు ఉద్యోగం. పద్దెనిమిదేళ్ళప్పుడు కూచిపూడి చేస్తుంటే చూసినవాళ్ళు ఇంకో పక్కకు చూసేవాళ్ళు కాదు. ఆ ఏడు సంస్థ నాట్యానికీ స్కాలర్‌షిప్పు పెట్టింది. బసవపున్నయ్య ప్రకటన కోశాడు, కార్డుకు అంటించాడు కూడా. కింద చిన్న అక్షరాల్లో 'సంస్థ ఉద్యోగుల సంతానం అర్హులు కారు' అని చూసి, మడిచి ట్రంకుపెట్టెలో పడేశాడు. గురువు వచ్చి సంస్థ పెద్దాయనకు ఒక్క మాట చెప్పండని బతిమాలినా చెప్పలేదు. హరిత అది మర్చిపోలేదు. ఆయన తెలుగులో "ఎట్టా ఉన్నావమ్మా" అంటే ఫోన్లో హిందీలో "ఠీక్ హూఁ పాపా" అని పెట్టేస్తుంది. కూతురు తనతో తెలుగు మాట్లాడదన్నది ఆయనకు చాలా బాధ. ఎవరితోనూ అనలేదు.

కార్డు చొక్కా జేబులో పెట్టుకుని, కత్తెరా డబ్బా సంచిలో వేసుకుని, ఏడుంబావు షటిల్‌కు బయల్దేరాడు. కార్డులు సాయంత్రం వెనక్కొచ్చాక ఘాజియాబాద్ స్టేషన్ ప్లాట్‌ఫారం మీది ఎర్రడబ్బాలో వేస్తాడు. ఆ డబ్బా టపా రాత్రి బండికే పోతుంది. ఆఫీసు ఎదుట పోస్టాఫీసులో తన కార్డులు వెయ్యడు. ఆఫీసు కార్డులు వాడుతున్నాడని ఎవరైనా అనుకుంటారని.

తిలక్ బ్రిడ్జిలో దిగి నడిచి, తొమ్మిదికి అయిదు నిమిషాల ముందు సీట్లో కూర్చున్నాడు. చొక్కా వీపుకు అంటుకుపోయింది. ఎడమ భుజం నిన్నట్నుంచీ సలుపుతోంది. రైల్లో కడ్డీ పట్టుకుని నిలబడ్డందుకే అనుకున్నాడు.

రిజిస్టరు తెరిచాడు. నిన్నటి పేజీ. ఆఖరు నంబరు రెండువందల పద్నాలుగు. దాని కిందనే స్కేలు పెట్టి గీసిన ఎర్రగీత, పక్కన 'ఐదు గంటలకు ముగించడమైనది' అని తన పొట్టిసంతకం.

ఢిల్లీలో ఏ ఆఫీసులోనైనా తపాలా గుమాస్తా అన్నవాడు ఆఖరు తేదీనాడు రెండు మూడు గీతలు ఖాళీగా వదులుతాడు. అది చెప్పకుండా నేర్చుకునే విద్య. మర్నాడు వచ్చే పెద్దవాళ్ళ కాగితాలకు, అయినవాళ్ళ కాగితాలకు ఆ గీతల్లో చోటు దొరుకుతుంది, ముద్ర చక్రం ఒక పన్ను వెనక్కి తిరుగుతుంది, ఎవరికీ ఏమీ కాదు. నిన్న నాలుగున్నరకు సెక్షన్ ఆఫీసరు రాజగోపాల్ వచ్చి ఈ టేబుల్ మీద చెయ్యి ఆనించి నిలబడ్డాడు. చిత్తూరు వైపు మనిషి, నలభై దాటలేదు. ఈయన దగ్గరే పని నేర్చుకుని ఈయన నెత్తినెక్కి కూర్చున్నాడు. "బసవపున్నయ్యగారూ, ఈసారన్నా ఒక రెండు లైన్లు వదలండి. పోయేదేముంది, రిటైరయ్యే ముందు," అన్నాడు నవ్వుతూ. బసవపున్నయ్య గోడగడియారం ఐదు కొట్టేదాకా చూసి, ఆయన ఎదుటే స్కేలు తీసి గీత గీశాడు. గీసినప్పుడు కొంచెం గర్వపడ్డాడు కూడా. దొంగతనంగా ఏమీ కాదు, ఆ గర్వం ముఖం మీద కనబడింది. రాజగోపాల్ చూశాడు.

పదకొండింటికి పోస్టుమాన్ వచ్చాడు. రోజూ వచ్చేవాడు కాదు, ఎవరో కొత్తవాడు. మూడు రోజుల టపా ఒక్కసారే తెచ్చి కౌంటరు మీద గుమ్మరించాడు. "పాతాయన సెలవులో ఉన్నాడు బాబూజీ," అన్నాడు హిందీలో. సంతకాల కాగితం ముందుకు తోశాడు.

కవరు పై నుంచి నాలుగోది. గోధుమరంగు, పొడుగాటిది, మూల మీద తాను రాసిన గోందు బయటికొచ్చి గట్టిపడింది. బసవపున్నయ్య దాన్ని తిప్పి చూశాడు. వెనకవైపు డెలివరీ రోజున పోస్టాఫీసువాళ్ళు వేసే గుండ్రటి ముద్ర, నల్లగా, ఒక్క అక్షరం అలుక్కోకుండా పడింది. ఒకటి, జూలై. ఆయన జీవితంలో ఇంత స్పష్టంగా పడిన పోస్టాఫీసు ముద్ర ఇదే. మామూలుగా అయితే మెచ్చుకునేవాడు.

సంతకం పెట్టాడు. పోస్టుమాన్ వెళ్ళిపోయాడు. గదిలో ఎవరూ లేరు. బసవపున్నయ్య తేదీ ముద్ర చేతిలోకి తీసుకుని దాని చక్రం ఒక పన్ను వెనక్కి తిప్పాడు. ముప్ఫై, జూన్. రిజిస్టరు వైపు చూశాడు. రెండువందల పద్నాలుగుకూ ఎర్రగీతకూ మధ్య సూది దూరే సందు లేదు. ముప్ఫై తేదీ ముద్ర ఉండి, రిజిస్టర్లో ఒకటో తేదీ నంబరు ఉంటే మొదటి చూపులోనే దొరికిపోతుంది. దొరికినా ఫర్వాలేదు, తనకు పోయేదేముంది అని ఒక క్షణం అనుకున్నాడు. దొరికితే కొట్టేసేది ఆ పిల్ల దరఖాస్తునే. చక్రం మళ్ళీ ముందుకు తిప్పాడు. జాగా వదిలే విద్య నేర్చుకోనందుకు మొదటిసారి తనమీద తనకే అసహ్యం వేసింది.

లేచి కవరు పట్టుకుని రాజగోపాల్ గదికి వెళ్ళాడు. ఇరవై తొమ్మిదేళ్ళలో ఎవరికోసమూ ఏదీ అడగడానికి ఆ గుమ్మం ఎక్కలేదు.

"రండి, రండి. కూర్చోండి," అన్నాడు రాజగోపాల్. నిజంగానే మర్యాదగా అన్నాడు. కూలర్ గాలికి టేబుల్ మీద కాగితాలు ఎగరకుండా గాజుబిళ్ళలు పెట్టి ఉన్నాయి.

బసవపున్నయ్య కూర్చోలేదు. "సార్, ఒక కేసు. సోమవారం పోస్టు చేశారు, రసీదుంది. పోస్టువాళ్ళ ఆలస్యం. మన తప్పు కాదు, అప్లికెంటు తప్పూ కాదు."

"ఎవరిది?"

"సునందని, కంటోన్మెంట్ వాళ్ళమ్మాయి. ఇదే ఆఖరు ఏడు సార్. వచ్చే ఏటికి ఓవరేజి అయిపోద్ది."

"మీకేమవుతుంది?"

"ఏం కాదు సార్."

రాజగోపాల్ కుర్చీలో వెనక్కి వాలాడు. "ఇంతకాలానికి మీకూ ఒక మనిషి దొరికిందన్న మాట." టేబుల్ మీది కవరొకటి తీసి ఈయన వైపు తిప్పాడు. దాని మూల మీద రాజగోపాల్ చేతిరాత: 'నిన్న 4.45కు స్వయంగా నాకు అందినది.' కింద నంబరు, రెండువందల పద్నాలుగు ఏ. "మా వైఫ్ పిన్ని కొడుకుది. మీ రిజిస్టర్లో చోటు లేదన్నారు కదా. అందుకని ఏ వేసుకున్నా. చూశారా, మీ ఎర్రగీత కూడా చెరపలేదు."

బసవపున్నయ్య ఆ 'ఏ' వైపు చూస్తూ ఉండిపోయాడు. ఇంత సులువని ఆయనకు తెలియదు. "సార్, అయితే దీనికి బీ వేస్తే..."

"ఇటివ్వండి." రాజగోపాల్ కవరు తీసుకుని తిప్పాడు. గుండ్రటి ముద్ర మీద వేలు పెట్టి చూపించాడు. "ఇదేంటండీ మరి?"

"పోస్టాఫీసు ముద్ర."

"ఒకటి జూలై. నిన్న నా చేతికి వచ్చిందని రాస్తే, ఇది చూసినవాడు ఏమంటాడు? నా ఉద్యోగం పోతుందండీ. హ్యాండ్ డెలివరీ అయితే కళ్ళు మూసుకుని చేసేవాణ్ణి, మీ ముఖం చూసి. నిన్నటి రెండొందల పద్నాలుగులో పోస్టులో వచ్చినవెన్ని?"

"ముప్ఫై ఎనిమిది."

"మిగతావన్నీ చేత్తోనే తీసుకున్నారా?"

"తీసుకున్నాను."

"ఈ అమ్మాయిది తీసుకోవడానికి చేతులు రాలేదా మీకు?" ఆ మాట వెటకారంగా అనలేదు. నిజంగా అర్థంకాకనే అడిగాడు. కవరు మీద 'ఆలస్యం, ఫైలు చేయండి' అని రాసి తిరిగిచ్చాడు. "రిగ్రెట్ లెటర్ ఇవాళే పంపించేయండి. ఆశపెట్టి ఉంచడం పాపం."

దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. ఇక్కడ పూజారి కూడా ఇస్తానన్నాడు. గంట కట్టినవాడే గుడి తలుపు గొళ్ళెం పెట్టాడు.

మధ్యాహ్నం డబ్బా తెరవలేదు. గుండెల్లో మంటగా ఉంటే సందు చివర బండివాడి దగ్గర నిమ్మకాయ సోడా తాగి వచ్చి కూర్చున్నాడు. విచారం తెలిపే ఉత్తరాల కట్ట సొరుగులో ఉంది. డెబ్భై నాలుగులో ఆ నమూనా రాసింది ఆయనే. అప్పటి డైరెక్టరు పిలిచి మెచ్చుకున్నాడు. 'తమ దరఖాస్తు గడువు ముగిసిన తరువాత అందినందున పరిశీలించలేకపోయినందుకు చింతిస్తున్నాము.' ఎన్ని వందలమందికి పంపాడో లెక్కలేదు. ఖాళీ గడిలో సునంద పేరు రాశాడు. అక్షరాలు ఎప్పటిలాగే గుండ్రంగా వచ్చాయి. అది చూసుకుని ఆయనకు ఏడుపొచ్చింది. ముక్కు చీదుకుని కాపీ ఫైల్లో పెట్టాడు.

నాలుగింటికి సునంద కిటికీ దగ్గరికి వచ్చింది. పొట్టిగా, నల్లగా, చేతిగోళ్ళలో ఇంకు నలుపు. నీళ్ళ సీసా మూత తీసి తాగి, "అంకుల్, చేరిందా?" అంది.

"చేరిందమ్మా. ఇవాళ."

ఆ పిల్ల సీసా మూత బిగిస్తూ ఆగింది. "ఇవాళా? అంటే?"

"లేటు కిందకొచ్చింది. అడగాల్సినవాళ్ళని అడిగాను. కుదర్లేదు."

"అచ్ఛా," అంది. కిటికీ కమ్మీల్లోంచి లోపలి రిజిస్టరు వైపు చూసింది. "సోమవారం నేను మీ చేతికిచ్చాను కదా అంకుల్."

"ఇచ్చావమ్మా."

"మీరు తీసుకోలేదు."

"తీసుకోలేదు."

తిడుతుందేమోనని ఎదురుచూశాడు. తిడితే బాగుండుననుకున్నాడు. ఆ పిల్ల ఏడవలేదు, గొంతు పెంచలేదు. "ప్రింట్లు ఇచ్చేయండి. అసలైనవే పెట్టాను. మళ్ళీ తీద్దామంటే చెక్కలు అమ్మేశాను," అంది.

బసవపున్నయ్య కవరు మీద చెయ్యి పెట్టాడు. జతచేసినవి తపాలా ద్వారానే వాపసు, స్వయంగా ఇవ్వబడవు. అదీ ఆయన ముప్ఫై ఏళ్ళుగా కిటికీ అవతలివాళ్ళకు చెప్పిన మాటే. నోరు తనంత తానే అంది: "పోస్టులో వస్తాయమ్మా."

అప్పుడు సునంద నవ్వింది. పెద్దగానే నవ్వింది, వెనక నిలబడినవాళ్ళు చూశారు. "ఏ అడ్రసుకి అంకుల్? మంగళవారం పొద్దున్నే బండి మాకు. నాన్న నాకూ టికెట్టు తీసే ఉంచారు. ఈ కవరు అందిందంటే కాన్సిల్ చేయిద్దామనుకున్నా."

"ఊరి అడ్రసు రాసివ్వు."

"రహనే దీజియే, ఉండనివ్వండి," అంది. "పెట్టెల బొమ్మలేగా. పెట్టెలు మోసుకెళుతున్నాం, బొమ్మలు కూడా ఎందుకు."

ఆయన చెయ్యి చొక్కా జేబు మీదికి పోయింది. కార్డు అక్కడే ఉంది, చెమటకు కొంచెం మెత్తబడింది. ముప్ఫై ఐదు దాటరాదు. తీసి కిటికీలోంచి ఇస్తే రెండు క్షణాల పని. కానీ ఆఫీసు కిటికీలోంచి సొంత కార్డు చేత్తో ఇవ్వడం ఆయన ఎన్నడూ చెయ్యలేదు, గుమాస్తా మనుషుల్ని పోగేస్తున్నాడన్న మాట వస్తుందని. దానికి మించి సిగ్గు. ఒక నోటికాడి ముద్ద ఇప్పుడే నేలపాలు చేసి, వెంటనే ఇంకోటి చూపిస్తే ఏ ముఖంతో? సాయంత్రం స్టేషన్ డబ్బాలో వేస్తే సోమవారం పొద్దునకల్లా బేర్ సరాయ్ చేరుతుంది. మంగళవారం కదా బండి. ఒక రోజు చేతిలో ఉంటుంది. చదువుకుంటుంది, ఆలోచించుకుంటుంది. అలా లెక్క వేసుకుని చెయ్యి దించాడు.

"జాగ్రత్తగా వెళ్ళమ్మా," అన్నాడు.

"ఫారంలో గడులన్నీ బాగా నింపించారు అంకుల్," అంది. పొగడ్తో ఎత్తిపొడుపో ఆయనకు తేలలేదు. ఆమె సందు మలుపు తిరిగేదాకా చూశాడు. వెనకవాడు విసుక్కుంటే వాడి కాగితం పుచ్చుకుని ముద్ర వేశాడు.

ఆరుంబావు షటిల్లో ఎప్పటిలాగే నాలుగో పెట్టె. రోజూ వచ్చేవాళ్ళు బ్రీఫ్‌కేసు మోకాళ్ళ మీద అడ్డంగా పెట్టుకుని పేకాట మొదలుపెట్టారు. ఆవేళ కిటికీ పక్క సీటు దొరికింది. ముప్ఫై ఏళ్ళలో అది దొరికిన సాయంత్రాలు చేతివేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. సంచి ఒళ్ళో పెట్టుకుని, జేబులో కార్డు ఉందో లేదో తడిమి చూసుకుని, తల కిటికీ కమ్మీకి ఆనించాడు. యమున వంతెన మీద గాలి తగిలింది. సాహిబాబాద్ దాటాక ఎదుటి సీటువాడు ముక్కలు పంచుతూ, "ఆంధ్రా బాబూ, ఆట వేస్తావా?" అని అడిగాడు. ఎప్పుడూ వెయ్యడని తెలిసే అడుగుతాడు. జవాబు రాలేదు. నిద్రపోతున్నాడులే అనుకున్నారు. ఘాజియాబాద్ వచ్చేసరికి ఆట సగంలో ఉంది. ముక్కలు జేబుల్లో కుక్కుకుని, తోసుకుంటూ దిగిపోయారు. ఒకడు దిగుతూ దిగుతూ ఈయన భుజం తట్టాడు కూడా. లేస్తాడులే అనుకుని పోయాడు. బండి కదిలి ఎర్రడబ్బా పక్కనుంచే వెళ్ళింది.

ఖుర్జా ఆ బండికి ఆఖరు స్టేషను. పెట్టె ఊడ్చేవాడు వచ్చి, చీపురు కర్రతో పొడిచి చూసి, ఊపిరి లేదని పోలీసుల్ని పిలిచాడు. వాళ్ళు జాబితా రాసుకున్నారు. సంచి ఒకటి. కత్తెర ఒకటి. టిఫిన్ డబ్బా, అన్నం ఉన్నది. కళ్ళజోడు. నెలపాసు. పోస్టుకార్డు, రాసినది, ఒకటి. శనివారం మధ్యాహ్నం మాణిక్యాంబకు మనిషిని అప్పగించారు. వస్తువులకు వేరే అర్జీ పెట్టుకోవాలన్నారు. నిర్ణీత ఫారం ఉంటుందన్నారు.

హరిత కాన్పూరు నుంచి వచ్చి ఆ ఫారం నింపింది. ఒక గడి ఖాళీగా వదిలేసిందని వెనక్కి పంపారు. మళ్ళీ నింపింది. సంచి ఇంటికొచ్చేసరికి జూలై పంతొమ్మిది. మాణిక్యాంబ డబ్బా బయట పారేసి, కత్తెర మేకుకు తగిలించి, కార్డు పట్టుకుని కూర్చుంది. ఆమెకు ఇంగ్లీషు చదవడం రాదు. ఎర్రగీతలు రెండు ఉన్నాయంటే తొందరని మాత్రం తెలుసు.

"అమ్మా, వో లడ్‌కీ తో చలీ గయీ హోగీ," అంది హరిత.

"ఆ పిల్ల పోయిందో లేదో మనకేం తెలుసు. వెయ్యాల్సింది వెయ్యాలి," అంది మాణిక్యాంబ. చెప్పులేసుకుని స్టేషనుకు నడిచి, ప్లాట్‌ఫారం టికెట్టు కొనుక్కుని, ఎర్రడబ్బాలో తన చేత్తో వేసి వచ్చింది. ఆయన కోసం ఆమె చేసిన ఆఖరు పని అదే. అందులో చాదస్తమేమీ ఆమెకు కనబడలేదు.

కార్డు తప్పిపోకుండా రెండో రోజుకే బేర్ సరాయ్ చేరింది. గదికి తాళం. ఇంటివాడు కొత్తగా అద్దెకు వచ్చేవాడి కోసం సున్నం వేయించి, ఆరడానికి కిటికీ తెరిచి వెళ్ళాడు. పోస్టుమాన్ కార్డును కిటికీ ఊచల మధ్య దోపి వెళ్ళాడు. ఎవరూ తీయలేదు. నెలాఖరుకు వానలు పట్టుకున్నాయి. మైదా జిగురు ఉబ్బి పేపరు ముక్క ఒక మూల లేచింది, ముప్ఫై ఐదు అన్న అంకె మీద సున్నం చుక్క పడింది. జూలై ముప్ఫై కింద గీసిన ఎర్రగీతలు రెండూ తడిసి, ఊచ పొడవునా కిందికి కారి, అక్కడే ఎండాయి.